మిగిలిన ఇద్దరు

ఎంతమంది కలిసి పెళ్లాడినా చెల్లే కాలమది. భర్త సంవత్సరీకం కాగానే వార్డు సచివాలయం నుంచి పిలుపొచ్చింది. పెళ్లి రద్దు చేస్తే రెండో భార్య నూకరత్నం పుట్టింటికి పోతుందేమోనని పెద్దావిడ వరహాలమ్మకు పొద్దుటినుంచీ ముద్ద దిగలేదు.

అక్కడి యంత్రం మీద ఇద్దరూ వేలు పెట్టారు.

"ముగ్గురిలో ఒకరు పోయారు. చట్టప్రకారం మీరిద్దరూ కూడా ఒకరినొకరు పెళ్లాడినవారే కనుక పెళ్లి నిలిచే ఉంది. విడిపోదలిచారా?" అని అడిగింది యంత్రం.

వరహాలమ్మ రత్నం మొహంకేసి చూసింది.

"నన్ను సూస్తావేటక్కా? బేగి కానీ. కాకరకాయలు కొనుక్కెళ్దాం. ఆయనకి గిట్టవని పదేళ్లయింది వండుకుని," అంది రత్నం.

"ఉల్లికారం నేను నూరతాన్లే," అంటూ వరహాలమ్మ 'లేదు' నొక్కింది.