గట్టు మీది సాక్షి

"ఇందులో మీ పొలం ఏది సార్?" అడిగింది రోజారమణి.

గంగాధరరావు చుట్టూ చూశాడు. అన్ని గట్లూ ఒకేలా ఉన్నాయి. అన్ని మడులూ ఒకే పచ్చన.

పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో, ధర పెరుగుతుందని పద్మనాభంలో కొని ఉంచిన పొలం అది. కొన్ననాడు చూశాడు, మళ్లీ ఈరోజే. కౌలు వ్యవహారమంతా ఎల్లారావు అనే మధ్యవర్తి ఫోనులోనే చక్కబెట్టేవాడు. రైతుకు ప్రభుత్వమిచ్చే పెట్టుబడి సాయం మాత్రం ఏటా తప్పకుండా మద్దిలపాలెం బ్యాంకులోని ఆయన ఖాతాకే చేరేది.

ఈసారి సాగు చేసేవారికే సాయమన్నారు. చేస్తున్నదెవరో పొలంలోనే విచారిస్తామన్నారు. వ్యవసాయ శాఖ తరఫున రోజారమణి వచ్చింది అందుకే.

గంగాధరరావు ముందే ఎల్లారావుకు చెప్పి ఉంచాడు: "సాగు తనదని ఆ కౌలురైతు నోరు విప్పాడో, వచ్చే ఏడు పొలం ఉండదని చెప్పు. అసలు ఆ పూట అటు రానివ్వకు."

ఇప్పుడు ఎడమవైపు చెయ్యి చూపబోయాడు.

"అటు కాదు బాబూ, ఇలా రండి. గట్టు జారతాది, సెప్పులు సేత్తో పట్టుకోండి."

మోకాళ్లదాకా బురదతో ఒక ముసలాయన మడిలోంచి లేచాడు. కాలువ దాటేచోట చెయ్యి అందించాడు. ఆ అరచెయ్యి చెట్టు బెరడులా తగిలింది. అవతలికి చేరగానే గంగాధరరావు తన చేతిని రుమాలుతో తుడుచుకున్నాడు.

"స్వయంగా మీరే సాగు చేస్తున్నారా సార్?"

"అవునమ్మా, నేనే."

రోజారమణి ఆయన మెత్తటి పాదాల వంక చూసింది.

"ఏ రకం వేశారు?"

ఆయన మడి వైపు తిరిగి చూశాడు.

"కంకి సూత్తే తెలీదేటమ్మా? సాంబమసూరి," ముసలాయన నవ్వాడు. "ఏటి ఆఫీసరువే నువ్వు!"

ఆమె నవ్వలేదు. "అయితే నువ్వే చెప్పు తాతా. ఈ పొలం ఎవరు చేస్తున్నారు?"

ముసలాయన కాసేపు కాలువ నీళ్లకేసి చూశాడు.

"ఈ బాబే సేత్తన్నాడమ్మా."

"నిజమేనా?"

"గట్టు మీద నిలబడి అబద్దమాడతానేటి?"

ఆమె ఫోటో తీసుకుంది. "ఈ ఏడూ సాయం మీకే సార్," అని వెళ్లిపోయింది. ఆ మాటలో అభినందన లేదు.

గంగాధరరావు తల ఎత్తలేకపోయాడు. సిగ్గు దాచుకోవడానికి జేబులోంచి నోటు తీశాడు.

"వద్దు బాబూ." ముసలాయన గట్టు వెంబడి నాలుగు బెండకాయలు కోసి ఆయన భుజానున్న సంచిలో వేశాడు. "తీసుకెల్లండి. మీ గట్టు మీదివే."

బస్సులో సంచి ఒడిలో ఉంది. బరువు లేని సంచి ఎందుకో బరువుగా ఉంది. ఎల్లారావుకు ఫోను చేశాడు.

"ఆ కౌలురైతును రానివ్వకుండా మంచిపని చేశావయ్యా. ఎవరో ముసలాయన నన్ను గట్టెక్కించాడు. ఎవరో ఏమిటో కనుక్కో. ఆయన రుణం ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు."

ఎల్లారావు గొంతు తగ్గించాడు.

"రావద్దనే సెప్పినాను సార్. మా అప్పలసూరి మావ యింటేనా? 'ఆ బాబుకి తన పొలమేదో తెలీదురా, ఎవులో ఒకరు సూపించాల గదా' అని పొద్దుట్నుంచీ ఆ మడిలోనే కూకున్నాడు."