పంపు మూత నడుమ వెలుగు

"నడుమ కుంగింది సార్."

రెండు వేల ఆరు ఎండాకాలం. బూర్గంపాడులో అనిల్‌కుమార్ లేత్ షెడ్డులోకి వచ్చిన ముసలాయన అన్న మొదటి మాట అది.

పంచె, భుజాన గుడ్డసంచి, కాళ్ల నిండా అడవి దారి దుమ్ము. చేతిలో, అనిల్‌కుమార్ అప్పుడే లేత్ చక్ దవడల్లోంచి విప్పి బల్ల మీద పెట్టిన గుండ్రని ఇనుప మూత. అడవిలో ఒక గూడేనికి మంచినీళ్లు ఎక్కించే పంపుది.

అనిల్‌కుమార్‌కు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్ల పనితనానికి వంక పెట్టడానికి ఈయనెవరు?

"మందం ఎక్కడ కొలిచినా ఒక్కటే. చూపించనా?"

"మందం వేరు, చదును వేరు సార్. పలుచటి బిళ్లను చక్‌ల గట్టిగ బిగిస్తే వంగుతది. వంగినప్పుడు చదును చేసిన్రు. విప్పినంక మళ్ల దాని తీరుకు అది పోయింది."

ముసలాయన ఉక్కు స్కేలును మూతకు అడ్డంగా ఆనించి వెలుతురుకు ఎత్తాడు. స్కేలు కింద, సరిగ్గా నడుమ, సన్నటి వెలుగు గీత.

"గింత సందు చాలు, పంపు గాలి పీలుస్తది. నీళ్లెక్కవు. మావోళ్లు మళ్ల వాగు నీళ్లే తాగాలె. అందుకే డ్రాయింగుల ఆ చదును గుర్తు పెట్టింది."

గోడకు వేలాడుతున్న డ్రాయింగులో పక్కకు వాలిన చిన్న గడి, దాని పక్కన 0.05. అదేమిటో తెలియక అనిల్‌కుమార్ మొదటి రోజే వదిలేశాడు. తెలియదని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

"పనీపాటా లేనోడెవడో గీసుంటాడు. నీకెందుకు పెద్దాయనా? జీపొచ్చింది, జరుగు."

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"డ్రాయింగు కింది మూల చూసిన్రా సార్?"

"మూలలు చూసే తీరిక లేదు!"

మూత జీపెక్కింది. ముసలాయన దాని వెనకే నడిచి వెళ్లిపోయాడు.

నెల తిరక్కముందే మూత వాపసు వచ్చింది. తెచ్చినామె కళావతి, ఆ గూడెం మనిషి.

"పంపు నీళ్లెత్తలే సారూ. వాగు నీళ్లు తాగి వాంతులు, విరేచనాలు. ముగ్గురు పోయిన్రు. మా నాయిన గూడ."

"మీ నాయిన..."

"జంపయ్య. నీ కాడికి వచ్చిండట గద. పోయేముందు గీ మూత నీకే ఇయ్యమన్నడు. మెల్లగ బిగించి మళ్ల చెయ్యమని చెప్పమన్నడు."

అనిల్‌కుమార్ స్కేలు ఆనించి ఎత్తాడు. వెలుగు గీత అక్కడే ఉంది. ఆమె ముఖంలోకి చూడలేక గోడవైపు తిరిగాడు. అక్కడ డ్రాయింగు ఇంకా వేలాడుతోంది.

మొదటిసారి దాని కింది మూల చూశాడు.

'గీసినవారు' అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, జంపయ్య అని ఉంది.