ఒళ్లు చేసిన చెయ్యి

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమె కుర్చీలో కూలబడి, కుడిచెయ్యి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది. పదకొండేళ్ల కిందట ఆవిరి యంత్రంలో పడి కాలిన చెయ్యి అది. అప్పట్లో ఆపరేషన్ చేసింది ఈ డాక్టరమ్మే. ఇప్పుడు అతుకు వేసిన చోటే ఉబ్బింది.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. ఇస్త్రీపెట్టె పట్టుకుంటే వేళ్లు సరిగ్గా మూసుకోవడం లేదు. ఈ చేతికి మళ్లీ ఏం రోగమొచ్చిందో."

డాక్టరమ్మ నొక్కి చూసింది. ఆమె బరువు చూసి, పాత కాగితాలు తిరగేసి నవ్వింది.

"జబ్బేం కాదు. అప్పుడు నీ పొట్టమీది చర్మం, దానికింది కొవ్వుతో సహా తెచ్చి ఇక్కడ అతికాను. చోటు మారినా అవి పొట్ట కణాలే. పొట్ట పెరిగితే అవీ పెరుగుతాయి. తొమ్మిది కిలోలు ఒళ్లు చేశావు. ఎప్పట్నుంచి?"

ఆమె ఉబ్బిన చేతిని రెండో చేత్తో కప్పుకుంది.

"అమ్మ పోయి ఏడు నెలలైంది. ఆరేళ్లు మంచంలోనే ఉందమ్మా. ఎత్తడం, కడగడం, పక్క మార్చడం, అన్నీ నేనే. ఇప్పుడు వేళకింత తింటున్నా. పడుకుంటే తెల్లారేదాకా మెలకువే రావట్లేదు."

"మంచిదేగా!"

ఆమె తలుపువైపు చూసి గొంతు తగ్గించింది.

"బయట మా అక్క కూచునుంది. అమ్మ మీద బెంగతో తను సగమైపోయింది. మీకు పుణ్యముంటుంది, నాది ఏదో జబ్బని తనతో చెప్పండమ్మా."