పత్తి చెవి మీద మచ్చ

జెస్సీ మెడ మీద రూపాయి బిళ్లంత తామర మచ్చ బయటపడింది.

కూతురికి జడ అల్లుతున్న రెబ్కా కేక పెట్టింది. ముందు గదిలో రోగుల్ని చూస్తున్న ఏసోబు పరుగున వచ్చాడు.

ఏసోబు ఆర్‌ఎంపీ. ప్రత్తిపాడులో అందరూ 'డాక్టరుగారూ' అని పిలుస్తారు. అలా పిలవకపోతే అతను పలకడు.

మచ్చను చూశాడు. పక్కనే కూర్చున్న పిల్లిని చూశాడు. దాని చెవి మీద కూడా వెంట్రుకలు ఊడి, గుండ్రంగా మచ్చ.

"నేను చెప్పలా? ఈ దరిద్రాన్ని ఇంట్లోకి తేవద్దని!"

కూతురి పోరు పడలేక నెల క్రితం గుంటూరు జంతువుల షెల్టర్ నుంచి తెచ్చిన పిల్లి అది. అప్పుడే ఏరిన పత్తిలా తెల్లగా ఉందని, తొమ్మిదేళ్ల జెస్సీ దానికి పత్తి అని పేరు పెట్టుకుంది. తెచ్చిన రోజే ఏసోబు షెల్టర్ నడిపే నగ్మాను నలుగురిలో కడిగేశాడు.

"టీకాలు వేశారా? నట్టల మందు పట్టారా? చెత్తకుప్పలో తిన్న జంతువుల్ని కొంపల్లోకి తోలుతున్నారు!"

నగ్మా కాగితాలు చూపించింది. టీకాలు, నట్టల మందు, చర్మపరీక్ష, అన్నీ ఉన్నాయి. తర్వాత ఒక ఫారం ఇచ్చింది. 'మీ ఇంట్లో ఎవరికైనా చర్మవ్యాధి ఉందా?' అన్న చోట ఏసోబు ఆగాడు.

"పిల్లినిస్తూ మా ఒళ్లు తడుముతారా? నేను డాక్టర్ని!"

'లేదు' అని గీకి సంతకం పెట్టాడు.

"పద్నాలుగు రోజులు విడిగా ఉంచండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు..."

"నాకా చెబుతున్నావు?"

చెప్పినదానికి రెండింతలు చేశాడు. పెరట్లో పత్తి నిల్వ చేసే గది ఖాళీ చేయించాడు. తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. భార్యను లోపలికి రానివ్వలేదు. కూతుర్ని గుమ్మం తొక్కనివ్వలేదు. తిండి తనే పెట్టాడు. పడుకోవడానికి, దండెం మీది పాత తువ్వాలు లాగి విసిరాడు.

"దీని మొహానికి ఇది చాలు."

ఇప్పుడు అదే పిల్లిని ఖాళీ మిరపకాయల సంచీలో కుక్కాడు. ఘాటుకు లోపల అది తుమ్ముతూనే ఉంది.

"సింగరాయకొండ దాటాక హైవే మీద వదిలేస్తా. ఇక తిరిగి రాదు."

జెస్సీ సంచీ మీద పడి ఏడ్చింది. రెబ్కా చాటుగా నగ్మాకు ఫోన్ చేసింది. గంటలో నగ్మా వచ్చింది. పిల్లి చెవి నుంచీ పాప మెడ నుంచీ పొట్టు గీకి, పరీక్షకు తీసుకుంది. పిల్లిని పట్టుకుపోయింది.

ఆ మూడు వారాలూ, షెల్టర్‌ను తిట్టందే ఏసోబు ఎవరికీ సూది వెయ్యలేదు. పత్తి చేలో కూలికి పోయే బుల్లయ్య తొడ గోక్కుంటూ వస్తే, వాణ్నీ వదల్లేదు.

"ఒరేయ్, సిగ్గులేదూ? రోజూ స్నానం చేసేవాడికి తామరెందుకొస్తుంది? నువ్వూ ఆ పిల్లీ ఒకే జాతి!"

"మీరిచ్చిన ఆయింట్‌మెంటే ఆర్నెల్ల నుంచి రాస్తన్నానండీ. రాసినన్నాళ్లు ఎరుపు పోతంది. మానేస్తే ఇంతకింత అవుతంది."

"మందులో ఏముందిరా లోపం? నీ ఒంటి మురికిలో ఉంది."

మళ్లీ అదే ట్యూబు చేతిలో పెట్టాడు. జెస్సీ మెడకూ అదే రాస్తున్నాడు. మెడ మీద మచ్చలు మూడయ్యాయి.

ఇరవై రెండో రోజు నగ్మా బుట్టలో పిల్లితో వచ్చింది. బెంచీ నిండా రోగులు, చివర్లో బుల్లయ్య. జెస్సీ లోపలి నుంచి ఉరికొచ్చింది.

"పత్తికి తగ్గిపోయిందండీ," అంది నగ్మా, పరీక్ష కాగితం బల్ల మీద పెడుతూ. "కానీ ఇది పిల్లుల మీద పెరిగే తామర కాదట. మనుషుల మీద పెరిగేదట. దీనికే ఎవరో మనిషి అంటించారు."

ఏసోబు నవ్వాడు. "మీ షెల్టర్‌లోనే ఎవడో అంటించి ఉంటాడు. గదిలో ఉండగా, పన్నెండో రోజే నేను మచ్చ కనిపెట్టా. నా ఆయింట్‌మెంట్ రాశా. మాయమైంది. అందుకే బయటికి వదిలా."

"మా దగ్గర రెండు నెలలుంది. ఒక్క మచ్చ లేదు. మీ గదిలోకి ఎవరెవరు వెళ్లేవాళ్లు?"

రెబ్కా మొగుడి నడుము వైపు చూసింది. తాళంచెవి ఇంకా మొలతాడుకే ఉంది.

"ఎవరో తేలాలి డాక్టరుగారూ," అంది నగ్మా. "ఆ మనిషికి సరైన మందు పడకపోతే, పాపకు ఎన్నిసార్లు తగ్గినా మళ్లీ వస్తుంది."

"ముందు దాన్ని బయటికి తీసుకుపో!" అరిచాడు ఏసోబు. "తామర పట్టింది ఏదైనా సరే, ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు!"

జెస్సీ మెడ మీది జడ పక్కకు జరిపింది.

"నాకూ పట్టిందిగా నాన్నా. నన్నూ సంచీలో వేస్తావా?"

బుల్లయ్య గోక్కోవడం ఆపాడు. బెంచీ మీద అందరూ డాక్టరుగారినే చూస్తున్నారు.

ఏసోబు కుర్చీలో కూలబడ్డాడు.

"తామర ఏడాదిగా నా నడుం చుట్టూ ఉంది, ఆ పిల్లికి వేసింది నేను ఒళ్లు తుడుచుకునే తువ్వాలే, మీ అందరికీ ఇచ్చే ఆ ఆయింట్‌మెంటే నేనూ రాసుకుంటున్నా... తగ్గి చావట్లేదు."