శుక్రవారానికి ఇల్లు

"పిడి లేని సుత్తి ఎవడు కొంటాడ్రా?" అంది నెరియా అవ్వ.

కుర్రాడు సుత్తి తలకాయని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నాడు. పదహారేళ్ళుంటాయి. ఒంటి మీద స్కూలు చొక్కా, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. కిబూయే సంతలో పాత పనిముట్ల వరసంతా తిరిగి తిరిగి, చివరికి ఆమె గోనెపట్టా ముందు గొంతుక్కూర్చున్నాడు.

నెరియా మొగుడు వడ్రంగి. ఆయన పోయాక ఆయన సామాను అమ్ముకోవడంతోనే ఈ వ్యాపారం మొదలైంది. ఇప్పుడు కిసుము పట్నంలో ఏ మూల పాత పనిముట్టు దొరికినా ఆమె దగ్గరికే వస్తుంది. బేరంలో ఎవర్నీ బతకనివ్వదు. మాటల్లో అయితే అవతలివాణ్ణి నోరే తెరవనివ్వదు.

"పిడి నేను చెక్కుకుంటాలే అవ్వా. లేని పిడికి డబ్బులెందుకు, తగ్గించు" అన్నాడు.

నెరియాకి నవ్వొచ్చింది. తగ్గించింది. ఆ తర్వాత వాడు తళతళలాడే రంపాలన్నీ వదిలేసి, తుప్పు పట్టిన పాతదాన్ని లాగి, బొటనవేలితో పళ్ళు తడిమి చూసుకున్నాడు. అదీ చవగ్గానే పోయింది.

"ఇవే మొదటి సామానా?"

"అవును. ఒక్కొక్కటే పోగేసుకోవాలి."

ఆమెకి విషయం అర్థమైపోయింది. వాళ్ళ తెగలో నూనూగు మీసాలొచ్చిన ప్రతి కుర్రాడూ అమ్మ గుడిసె వదిలి, గేటు పక్కన సొంతంగా ఓ గది వేసుకోవాల్సిందే. ఇక ఏడిపించడం మొదలుపెట్టింది. పిల్ల ఎవరు, ఏ ఊరు, ఉగాలి సంకటి వండటమైనా వచ్చా అని.

"నాక్కాదవ్వా. మా అన్నకి."

"అన్నకా? వాడికేం, చేతులు పడిపోయాయా?"

కుర్రాడు తల దించుకుని చెప్పాడు. వాడి పేరు ఒకేయో. అన్న సైలస్ మొంబాసా రేవులో మూటలు మోసేవాడు. పెళ్ళి కాలేదు, ఊళ్ళో గది వేసుకోనూ లేదు. శుక్రవారం సాయంత్రం వస్తున్నాడు. ఆ వేళకి ఇల్లు లేచి ఉండకపోతే సైలస్‌ని గేటు దాటి లోపలికి రానిచ్చేది లేదని బాబాయిలు తేల్చేశారు. అమ్మ వాళ్ళ కాళ్ళు పట్టుకుంది. అయినా వినలేదు.

నెరియాకి ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి మరుదులు ఆమెకీ ఉన్నారు. సొంత అన్న కొడుకుని వాకిట్లోకి రానివ్వకపోవడానికి వీళ్ళెవరని కడిగిపారేసింది. వరసలో మిగతా దుకాణాల వాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

"ఊళ్ళో ఎవర్నైనా సామాను అరువడగలేకపోయావా?"

"ఈ ఇంటికి ఎవరూ ఇవ్వరవ్వా."

ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనిస్తేగా. గుప్పెడు మేకులు వాడి జేబులో కుక్కి, వాళ్ళ మొహాన కొట్టినట్టు ఇల్లు లేపి చూపించమని పంపేసింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉలి కావాలి, బాడిస కావాలి. చేతులు బొబ్బలెక్కాయి. ఓ వేలి గోరు నల్లబడిపోయింది. రాత్రి వానకి ఒక పక్క గోడ కూలిందట. పొద్దున లేచి మళ్ళీ మట్టి మెత్తాడట. ఇంకా పైన రేకులు వెయ్యాలి, తలుపు పెట్టాలి.

అంచు విరిగిన ఉలి ఏరుకున్నాడు. సానబెట్టుకుంటానన్నాడు.

వాడి వాలకం చూసి నెరియా తన గిన్నెలో ఉగాలి, ఎండుచేపల కూర ముందుకు నెట్టింది. రెండు ముద్దలు కూడా దిగలేదు.

"రేవులో సంపాదిస్తున్నాడుగా. నాలుగు డబ్బులు పంపొచ్చుగా మీ అన్న?"

"ఉన్నదంతా వాణ్ణి తీసుకురావడానికే అయిపోయింది. రేవులో తోటివాళ్ళు బండి మాట్లాడారు."

"బస్సెక్కలేడా దొరగారు?"

"బస్సుల్లో ఎక్కించుకోరవ్వా."

తాగి గొడవచేసే రకమన్నమాట అనుకుంది నెరియా. బాబాయిల కోపం కూడా ఇప్పుడు కొంచెం అర్థమైంది. అయినా ఈ చిన్నవాడి మీద జాలి ఎక్కువైంది. పట్టా కింద నుంచి గుడ్డలో చుట్టిన, చెక్క నున్నచేసే చిత్రిక తీసింది. మొగుడి వస్తువుల్లో అమ్మకుండా దాచుకున్నది అదొక్కటే.

"ఇది అమ్మను. మీ అన్న రాగానే ఇద్దరూ కలిసి రండి. వాడికి నాలుగు చీవాట్లు పెట్టి, ఇది నీకు ఊరికే ఇస్తా."

ఒకేయో చిత్రికని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. దాని మీద కాసేపు చెయ్యి వేసి ఉంచాడు. మళ్ళీ గుడ్డలో చుట్టి, ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. నెరియాకి మనసు చివుక్కుమంది.

శుక్రవారం మధ్యాహ్నం పరుగెత్తుకుంటూ వచ్చాడు. జుట్టు నిండా మట్టి. ఆయాసపడుతూనే చెప్పాడు.

"అయిపోయింది. తలుపు కూడా పెట్టేశా. బాబాయిలొచ్చి చూశారు. సరేనన్నారు."

నెరియా కళ్ళు తుడుచుకుంది. ఇంత మంచి కబురు ఈ సంతలో విని చాలాకాలమైందని పక్క దుకాణం వాళ్ళకి కూడా చెప్పింది. ఇక అన్నతో పనేముంది, చిత్రిక ఇప్పుడే పట్టుకెళ్ళమంటూ గుడ్డ మూట వాడి చంకలో పెట్టింది.

ఒకేయో చూపు మాత్రం పట్టా చివర పడున్న పార మీద ఉంది. పిడి పగిలి, తీగ చుట్టి ఉంది.

"ఆ పార ఎంతకిస్తావవ్వా?"

"ఇల్లయిపోయిందన్నావుగా. ఇంకా పారతో ఏం పని? ఆ తాగుబోతు వచ్చి పొలం దున్నుతాడా ఏంటి?"

వాడు పార చేతిలోకి తీసుకుని, నేలకి ఆనించి చూసుకున్నాడు.

"సొంత ఇల్లు లేని మగాణ్ణి వాకిట్లో పూడ్చనివ్వరని నీకు తెలిసిందేగా అవ్వా, ఇల్లయింది, ఇక పొద్దుపోకముందే సైలస్‌కి గొయ్యి తవ్వాలి."