నిచ్చెన దగ్గర ఈల

గంటలో వచ్చేస్తానని ఆసుపత్రిలో ఉన్న భార్యకి మాటిచ్చి బయల్దేరాడు గుమాస్తా. నాలుగింటికి ఆమెకి కాన్పు ఆపరేషన్.

పని చిన్నదే. తీరానికి దూరంగా లంగరేసిన పాత యుద్ధనౌకని తుక్కుకి అమ్మేస్తున్నారు. కొలతలు కావాలంది ఆఫీసు.

పడవవాడు నిచ్చెన దగ్గర దింపాడు. "ఇక్కడే ఉంటానండీ. తెచ్చేది ఒకర్ని, తీసుకెళ్లేది ఒకర్ని. నాకున్న ఆర్డరు అంతే."

"ఆ ఒక్కడూ నేనే కదయ్యా" అని నవ్వుతూ ఎక్కాడు గుమాస్తా.

పైన చెవులు చిల్లులు పడేలా ఈల మోగింది. అటు నాలుగు, ఇటు నాలుగు చీపురుకర్రలు. ఒక్కోదానికీ ఒక్కో టోపీ. మధ్యలో సెల్యూట్ కొడుతూ సరంగు. ఓడ మొత్తానికి మిగిలింది అతనొక్కడే. యూనిఫాం ఒంటిమీద రెండు సైజులు వదులు.

"నౌకలో అతిథికి ఈల వేసి, ఇరువైపులా మనుషుల్ని నిలబెట్టాలండీ. మనుషులకి కరువుగానీ మర్యాదకి కాదు."

"నాకెందుకండీ ఇదంతా? నాలుగింటికి మా ఆవిడకి కాన్పు."

సరంగు సెల్యూట్ చెయ్యి దించాడు. "మా చంటిదానికి ఈపాటికి నడకొచ్చుంటుంది" అన్నాడు. "రండి, త్వరగా కానిద్దాం."

కానిస్తేగా. జెండాకి వందనం చేయించాడు. గంట కొట్టించాడు. కెప్టెన్ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. తాగకుండా లేస్తే ఓడకి అవమానమట. కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు. గుమాస్తాకి ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. అలాగని ఇంత మంచివాణ్ణి కసరడానికి నోరు రావడంలేదు. మూడు దాటింది.

"కొలతలు నేనే తీసిపెట్టాను, అంగుళం తేడా రాదు" అంటూ సరంగు కాగితం చేతిలో పెట్టాడు. "అతిథుల పుస్తకంలో సంతకం పెట్టండి, వెళ్దురుగాని."

గుమాస్తాకి ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం, వచ్చిన పని రాసి సంతకం గీకేశాడు.

"వీడ్కోలు ఈల వినపడ్డాక రండి. అదీ పద్ధతి" అని సరంగు బయటికి నడిచాడు.

మూడున్నరకి ఈల మోగింది. గుమాస్తా పరుగున వచ్చాడు. యూనిఫాం నేలమీద పడి ఉంది. ఈల ఒక చీపురుకర్రకి వేలాడుతోంది. పడవ అప్పటికే కదిలిపోయింది. అందులో మామూలు చొక్కాలో సరంగు, తల దించుకుని.

"ఆపవయ్యా, మా ఆవిడ ఎదురుచూస్తోంది" అని అరిచాడు గుమాస్తా.

పడవవాడు ఒక వేలు చూపించాడు.

గుమాస్తా గదిలోకొచ్చి పుస్తకం తెరిచాడు. తన సంతకానికి పై వరుసలో, కొలతల కాగితం మీదున్న అదే చేతిరాతతో, పదకొండు నెలల కిందటి తేదీ వేసి ఉంది: "కొలతల గుమాస్తా. గంట పని."