లేత ఎముకలు

జడ వేయడానికి ఇంతసేపు పడుతుందా అని కాంపౌండరుకి ప్రాణం విసిగిపోయింది.

కుర్చీ అంచున కూర్చుని గోడ గడియారం వంక ఒకసారి, చేతి గడియారం వంక ఒకసారి చూస్తున్నాడు. రెండిట్లో ఏదో ఒకటి తనకు అన్యాయం చేస్తోందని అతని అనుమానం. ఎదురుగా పాప తల్లి దువ్వెన నోట కరుచుకుని తాపీగా పాయలు తీస్తోంది. పాప తల కుదురుగానే ఉంది. కాళ్ళే, స్టూలు మీంచి వేలాడుతూ గాల్లో గెంతుతున్నాయి.

నడక వచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల అంతే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మామూలుగా నడిచి వెళ్ళిన పాపాన పోలేదు. తిరుగుతూ వెళ్తుంది, తిరుగుతూ వస్తుంది. బొంగరం అని ముద్దుపేరు పెట్టింది తండ్రే. ఆ ముద్దు ఇలా తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు అనుకోలేదు.

"డాన్సు స్కూల్లో చోటుందట," అంది తల్లి, దువ్వెన చేతిలోకి తీసుకుని. "నాలుగేళ్ళు నిండితే చాలట. శనివారం మధ్యాహ్నం క్లాసు. ఇంకో రోజు కుదరదా అని అడిగి చూశాను. కుదరదన్నారు. ఏమంటావు?"

"నాలుగేళ్ళకేం డాన్సు? ఎముకలు లేతగా ఉంటాయి. ఏడు రానీ."

"దాన్ని అప్పటిదాకా పట్టుకుని ఆపేదెవరు?"

"ఏడొస్తే గట్టిపడతాయంటున్నాగా!"

"చూడు, నువ్వు ఊఁ అంటేనే చేరుస్తాను. ఇష్టం లేకపోతే లేదని చెప్పు. అంతేగానీ, పాపం, ఎముకల మీదకు తొయ్యకు."

అతను ఎముకల ఆస్పత్రిలో పిండికట్లు వేస్తాడు. కాబట్టి ఎముకల గురించి తనేం చెప్పినా చెల్లుతుందని ధీమా. నిజానికి మొన్న డాక్టరుగారిని అడిగాడు కూడా. "నాలుగేళ్ళ పిల్ల ఎగరకపోతే నా దగ్గరకు తీసుకురా. ఎగిరితే నాకెందుకు చెప్తావయ్యా?" అని ఆయన నవ్వేశారు. ఆ సంగతి పాప తల్లి దగ్గర ఎత్తలేదు.

ఎట్టకేలకు జడకు రిబ్బను పడింది. "పద, పద!" అంటూ పాప చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చాడు.

"ఎక్కడికి నాన్నా?"

"నీ ఇష్టం తల్లీ. ఎక్కడికంటే అక్కడికి."

ఆ మాట నోరు జారకుండా ఉండాల్సింది. పాప అతన్ని నేరుగా పక్క వీధిలోకి లాక్కెళ్ళింది. టైలరు కొట్టు మీది మేడ. మెట్ల కింద నుంచే డప్పు చప్పుడు వినిపిస్తోంది.

డాన్సు టీచరు లావుపాటి మనిషి. ముడిలో పెన్సిలు గుచ్చుకుని గుమ్మంలోకి వచ్చింది. అడగాల్సినవన్నీ అతను ఊపిరి తిప్పుకోకుండా అడిగేశాడు.

"చిన్నపిల్లలకి ఇదొక్కటే క్లాసండీ. ఏడు దాటిన వాళ్ళకయితే రోజూ సాయంత్రాలు."

"పోనీ, నేను లోపల ఓ మూల కూర్చోవచ్చా? నోరు మెదపను."

"అమ్మానాన్నల్ని గుమ్మం దాటనివ్వను. మీరుంటే పిల్లలు మిమ్మల్నే చూస్తారు గానీ నన్నెందుకు చూస్తారు?"

"కిటికీలోంచి..."

"కిటికీకి తెర వేస్తాం." ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి నవ్వింది. "ఇంత బెంగపడే తండ్రిని ఎక్కడా చూళ్ళేదు. ఎంతసేపండీ, రెండు గంటలే కదా!"

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. "అవునండీ. రెండు గంటలే," అన్నాడు.

"ఏడుదాకా ఆగినా కొంపలేం మునగవు. పిల్ల ఆగాలి గానీ," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు.

పాప మెట్ల మలుపులో ఆడుతోంది. ఊరికే గిరగిరా తిరగడం కాదు. డప్పు దెబ్బ ఎక్కడ పడితే పాదం అక్కడే పడుతోంది. డప్పు ఆగితే తనూ ఆగిపోతోంది. ఎప్పుడూ గంతుకోసారి 'నాన్నా, చూడు!' అని అరిచే పిల్ల, ఇప్పుడు తండ్రి ఉన్న సంగతే మరిచిపోయింది. అతనికి గర్వంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

"పార్కుకి పోదామా బంగారం?"

"ఊహూఁ."

"ఐస్‌క్రీం?"

"ఊహూఁ!"

క్లాసు అయ్యేదాకా అతను గోడకి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు. చేతి గడియారం వంక చూడనే లేదు. చూపు మాత్రం పిల్ల మీంచి తిప్పలేదు.

తిరిగి వచ్చేసరికి తల్లి తలుపు తీసుకుని ఎదురుచూస్తోంది.

"వచ్చే వారం నుంచి చేర్చెయ్యి," అన్నాడు గుమ్మం బయటే నిలబడి.

"మరి ఎముకలో?"

"గట్టివే. దగ్గరుండి చూశాగా."

ఆమె తలుపు మీద చెయ్యి వేసి పక్కకు జరిగింది. పాప ఆమె చేతి కిందుగా దూరి, గిర్రున తిరుగుతూ లోపలికి పోయింది.

"లోపలికొచ్చి కూర్చో. టీ పెడతాను," అంది తల్లి నెమ్మదిగా.

అతను అలవాటు కొద్దీ గుమ్మంలోంచే గోడ గడియారం వంక చూశాడు. అయిదు దాటింది.

వారం మొత్తంలో కూతురితో గడపడానికి కోర్టు అతనికి ఇచ్చినవి శనివారం మధ్యాహ్నం ఆ రెండు గంటలే.